బొమ్మ మూలన సంతకం

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మన సంఘం మిత్రులు అడిగినప్పుడు కొంచెం ఆలోచించాను. బడి చరిత్ర రాయడానికి నాకంటే పెద్దవాళ్ళు, తగినవాళ్ళు ఉన్నారు. అందుకని బడిలో నా చేతికి మొదటిసారి అందిన ఒక వస్తువు చరిత్ర రాస్తానన్నాను. ఆ వస్తువు పిల్లల బొమ్మల పుస్తకం.

నేను 1964లో ఆరో తరగతిలో చేరాను. అప్పటి మన బడిలో స్టాఫ్ రూము పక్కన ఒక అద్దాల బీరువా ఉండేది. అందులో చందమామ బైండు పుస్తకాలు, పాత ‘బాల’ సంచికలు కొన్ని ఉండేవి. దాని తాళంచెవి డ్రాయింగు మాస్టారి జంధ్యానికో, జేబుకో ఉండేదని మేం చెప్పుకునేవాళ్ళం. శనివారం ఆఖరి పీరియడులో మాత్రం బీరువా తెరిచేవారు. పుస్తకం తిరిగి ఇచ్చేటప్పుడు మాస్టారు కథ అడిగేవారు కాదు. “ఏరా అబ్బాయ్, బొమ్మ ఎవరు వేశారో చూశావా?” అని అడిగేవారు. తెల్లమొహం వేస్తే పుస్తకం మళ్ళీ చేతిలో పెట్టి, “బొమ్మ మూలన చూడు, సంతకం ఉంటుంది” అనేవారు. చిత్రా, శంకర్, వ.పా. అన్న పేర్లు నేను అలా నేర్చుకున్నాను. ఆ పేర్ల వెనక మనుషులు ఎవరో తెలుసుకోవడానికి మాత్రం చాలా ఏళ్ళు పట్టింది. అలా తెలుసుకున్న సంగతులే ఈ వ్యాసం.

పుస్తకం రాకముందు మన పిల్లలకు బొమ్మలు లేవా అంటే, బోలెడు ఉండేవి. కాకినాడ దగ్గర మాధవపట్నం తోలుబొమ్మలాటకు పేరు పొందిన ఊరు. దీపం వెలుగులో తెర మీద రంగురంగుల హనుమంతుణ్ణి చూసిన పిల్లవాడికి రామాయణం బొమ్మగానే మొదట మనసులో నిలిచేది. ఇళ్ళల్లో బొమ్మల కొలువులు, కనుమ నాడు జగ్గన్నతోట తీర్థానికి తరలివెళ్ళే ప్రభల మీది రంగు కాగితాలు కూడా అంతే. అయితే వీటిని పిల్లవాడు ఒళ్ళో పెట్టుకుని, తనకు కావలసినప్పుడు వెనక్కి తిప్పి చూసుకోలేడు. ఆ వీలు ఇచ్చింది పుస్తకం.

ప్రపంచంలో పిల్లల కోసం వేసిన తొలి బొమ్మల పుస్తకంగా సాధారణంగా చెప్పుకునేది 1658లో న్యూరెంబర్గులో అచ్చయిన ‘ఆర్బిస్ పిక్టస్’. దాన్ని తయారుచేసిన కొమేనియస్ ఒక పంతులు. లాటిన్ మాటలు బట్టీ పట్టలేక ఏడ్చే పిల్లలను చూసి, ప్రతి మాటకూ పక్కన బొమ్మ ఉంటే బాగుంటుందని ఆయన చెక్క అచ్చులు వేయించాడు. ఈ సంచిక చదివే ఉపాధ్యాయ మిత్రులు ఈ సంగతి గర్వంగా గుర్తుపెట్టుకోవచ్చు. బొమ్మల పుస్తకం పుట్టింది తరగతి గది అవసరంలోంచే.

మన వైపు కూడా పిల్లల సాహిత్యానికి మొదట్లో చేయూత ఇచ్చినవాళ్ళలో విద్యాశాఖ ఉద్యోగి ఒకాయన ఉన్నారు. చింతా దీక్షితులు గారిది గౌతమికి అవతలి గట్టున ఉన్న దంగేరు. పిల్లల నోళ్ళలో ఆడే పాటలను పెద్దలు పట్టించుకోని కాలంలో వాటిని విని, పోగుచేసి, తానూ రాశారు. ఆయన గేయాల పుస్తకం పేరు ‘లక్కపిడతలు’. ఆడపిల్లలు గుజ్జనగూళ్ళు ఆడుకునే చిన్న వంటసామాను పేరే పుస్తకానికి పెట్టారంటే, ఎవరి కోసం రాస్తున్నారో ఆయనకు బాగా తెలుసన్నమాట.

ఇక బొమ్మల విషయానికి వస్తే అసలు కథ 1945 ఆగస్టులో మొదలవుతుంది. ఆ నెలలో మద్రాసులో ‘బాల’ పత్రిక వెలువడింది. దాన్ని పెట్టినవారు న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు. రేడియోలో పిల్లల కార్యక్రమం నడిపి రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అని పేరు తెచ్చుకున్నవారు. పెద్దలు రాస్తే పిల్లలు చదవడం ఎప్పుడూ ఉన్నదే, పిల్లలే రాస్తే, పిల్లలే బొమ్మలు వేస్తే ఎలా ఉంటుందో వాళ్ళు చూడాలనుకున్నారు. ఆ పత్రికలో అచ్చయిన పిల్లల్లో మద్రాసు బడిలో చదువుకుంటున్న ఇద్దరు స్నేహితులు ఉన్నారు. ఒకడు కథ రాశాడు, ఒకడు బొమ్మ వేశాడు. కథ రాసిన అబ్బాయి ముళ్ళపూడి వెంకటరమణ. బొమ్మ వేసిన అబ్బాయి సత్తిరాజు లక్ష్మీనారాయణ, అంటే మన బాపు.

ఈ ఇద్దరి పుట్టిన ఊళ్ళను ఒకసారి మనసులో మ్యాపు గీసుకుని చూడండి. రమణ గారు 1931లో ధవళేశ్వరంలో పుట్టారు. బాపు గారు 1933లో నరసాపురంలో పుట్టారు. ధవళేశ్వరం దిగువనే గోదావరి పాయలుగా చీలుతుంది. నరసాపురం వశిష్ఠ ఒడ్డున, మన సఖినేటిపల్లి రేవుకి ఎదురుగా ఉంటుంది. ఒక ఊరు డెల్టాకి తల దగ్గర, ఇంకొకటి పాదాల దగ్గర. మధ్యలో పరుచుకుని ఉన్నది మన కోనసీమ. వాళ్ళ బొమ్మల్లో, సినిమాల్లో మన కొబ్బరిచెట్లు, మన లాంచీ రేవులు, మన అత్తయ్యల మాట తీరు అంతగా ఎందుకు కనబడతాయో వేరే చెప్పనక్కర్లేదు.

1956–57లో ఆంధ్రపత్రిక వారపత్రికలో ‘బుడుగు’ వచ్చింది. మాటలు రమణవి, గీతలు బాపువి. అది పిల్లల పుస్తకమా, పిల్లవాడి గురించి పెద్దలు చదువుకునే పుస్తకమా అని ఇప్పటికీ వాదించేవాళ్ళు ఉన్నారు. నా మటుకు నాకు ఒకటే తెలుసు. బుడుగు మొహం ఎలా ఉంటుందని అడిగితే తెలుగు చదివిన ప్రతి ఇంట్లోనూ ఒకే బొమ్మ గుర్తుకొస్తుంది. మాట, గీత విడదీయలేనంతగా కలిసిపోవడమే బొమ్మల పుస్తకం లక్షణం అనుకుంటే, అంతకంటే మంచి ఉదాహరణ మన భాషలో కనపడదు. బడిలో కలిసిన ఇద్దరు స్నేహితులు అరవై ఏళ్ళకు పైగా కలిసి పనిచేశారు. పూర్వవిద్యార్థుల సంఘం సంచికలో చెప్పుకోవడానికి ఇంతకంటే తగిన కథ ఏముంటుంది? ఎన్.టి.రామారావు గారు ముఖ్యమంత్రిగా ఉన్న రోజుల్లో ప్రాథమిక పాఠశాలల పిల్లల కోసం వీడియో పాఠాలు తయారుచేసిందీ ఈ జంటే.

‘బాల’ వచ్చిన రెండేళ్ళకు, 1947 జూలైలో, చందమామ వచ్చింది. బి.నాగిరెడ్డి, చక్రపాణి గార్లు తెలుగులోనూ తమిళంలోనూ ఒకేసారి మొదలుపెట్టారు. తరవాత ఇంకా చాలా భాషలకు వెళ్ళింది. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా దాని రచనాబాధ్యత మోసింది కొడవటిగంటి కుటుంబరావు గారు. సీరియల్స్ రాసింది దాసరి సుబ్రహ్మణ్యం గారు. ఆ రోజుల్లో పత్రిక చదివిన మాకు ఈ రెండు పేర్లూ తెలియవు. ఎందుకంటే పత్రికలో ఉండేవి కాదు. విచిత్రం ఏమిటంటే, రాసినవాళ్ళ పేర్లు దాచిన ఆ పత్రికలోనే బొమ్మ వేసినవాళ్ళ సంతకాలు మాత్రం పేజీపేజీకీ కనబడేవి. మా మాస్టారు అడిగిన ప్రశ్నకు జవాబు దొరికేది అందుకే.

‘చిత్రా’ అంటే టి.వి.రాఘవన్. ‘శంకర్’ అంటే కె.సి.శివశంకరన్. భుజాన శవం, చేతిలో కత్తి, వెనక శ్మశానం, విక్రమార్కుడు అనగానే కళ్ళముందు మెదిలే ఆ బొమ్మ శంకర్ గారిది. ‘వ.పా.’ అంటే మన శ్రీకాకుళంలో 1921లో పుట్టిన వడ్డాది పాపయ్య. ముఖచిత్రాల మీద ఆయన వేసిన పౌరాణిక స్త్రీల నగలు, చీర అంచులు చూస్తూ మా అక్కయ్యలు ముగ్గులకు, కుట్టుపనికి నమూనాలు తీసుకునేవారు.

వీళ్ళ జీవితాలు చదివినప్పుడు నాకు ఒక సంగతి తట్టింది. పాపయ్య గారి తండ్రి డ్రాయింగు మాస్టారు. ఆయన దగ్గరే, రవివర్మ కోదండరాముడి పటాన్ని చూసి వేస్తూ చిన్నప్పుడే చెయ్యి తిప్పుకున్నారు. శంకర్ గారు బడిలో చదువుకునేటప్పుడు, అందరిలా బి.ఏ. చదవకుండా మద్రాసు ఆర్ట్స్ స్కూల్లో చేరమని చెప్పింది వాళ్ళ డ్రాయింగు మాస్టారే. అంటే, మన తరం పిల్లలందరి ఊహాలోకానికి రూపం ఇచ్చిన చేతుల వెనక బళ్ళో నల్లబల్ల మీద మామిడిపండు, కూజా గీసి చూపించే మాస్టార్లు ఉన్నారన్నమాట. లెక్కల మాస్టారికి, ఇంగ్లీషు మాస్టారికి ఉన్న భయభక్తులు డ్రాయింగు మాస్టారికి ఎప్పుడూ లేవు. ఆయన పీరియడు పరీక్షల ముందు మిగతా సబ్జెక్టులకు దానం అయిపోయేది. అయినా వాళ్ళు చేసిన పని ఇది.

అందరికీ బడే దారి చూపించిందని కూడా చెప్పలేను. దేవులపల్లి కృష్ణశాస్త్రి గారి అబ్బాయి సుబ్బరాయశాస్త్రి, 1931లో పిఠాపురంలో పుట్టారు. నాన్నగారి వెంట తిరగడమే తప్ప పద్ధతిగా బడికి వెళ్ళి చదువుకున్నది లేదు. ఆయనే ‘బుజ్జాయి’. ఆంధ్రప్రభ వారపత్రికలో ‘డుంబు’ అనే చిన్నపిల్లవాణ్ణి బొమ్మల కథగా నడిపించారు. పంచతంత్రాన్ని ఇలస్ట్రేటెడ్ వీక్లీలో బొమ్మల కథగా వేసి దేశమంతా చదివించారు. తెలుగులో బొమ్మల కథలకు ఆద్యుడని ఆయన్ని చెప్పుకుంటారు. తండ్రీకొడుకుల ఆ రోజుల గురించి ‘నాన్న – నేను’ అని పుస్తకం కూడా రాశారు.

ఇప్పటి పిల్లలకు ఒక సంగతి చెప్పాలి. ఆ రోజుల్లో బొమ్మ అచ్చుకావడం అంత సులువు కాదు. ఇండియన్ ఇంకుతో గీసిన బొమ్మను ఫోటో తీసి జింకు రేకు మీద బ్లాకు చేయించాలి. బ్లాకు ఖర్చు అచ్చు ఖర్చుకు పోటీ వచ్చేది. సన్న ఛాయలు బ్లాకులో నిలిచేవి కావు. అందుకే ఆనాటి చిత్రకారులు నల్లగీతతోనే వెలుగునీడలు చూపించడం నేర్చుకున్నారు. బాపు గీతలో కనబడే పొదుపు వెనక ఆయన ప్రతిభతో పాటు బ్లాకుల కాలపు క్రమశిక్షణ కూడా ఉంది. ఇక రంగు కావాలంటే ఒక్కో రంగుకు ఒక్కో ప్లేటు. ఒక్క భాషలో రెండు మూడు వేల ప్రతులు అమ్ముడయ్యే పుస్తకానికి అంత ఖర్చు గిట్టదు. చందమామ, ఆ తరవాత 1957లో ఏర్పడిన నేషనల్ బుక్ ట్రస్టు దీనికి ఒకే ఉపాయం కనిపెట్టాయి. బొమ్మలు అన్ని భాషలకూ ఒకటే, మారేది నల్లక్షరాలు ఒక్కటే. నేషనల్ బుక్ ట్రస్టు వారి నెహ్రూ బాల పుస్తకాలయం పుస్తకాలు తెలుగు బళ్ళకు అంత చవకగా చేరడానికి కారణం ఇది. అదే 1957లో కార్టూనిస్టు శంకర్ పిళ్ళై ఢిల్లీలో చిల్డ్రన్స్ బుక్ ట్రస్టు పెట్టారు.

ఆ పక్కనే మాస్కో నుంచి వచ్చిన పుస్తకాలు. ప్రగతి, రాదుగ ప్రచురణాలయాల వాళ్ళు తెలుగులోకి తెప్పించి, అక్కడే అచ్చువేసి పంపేవారు. ఉప్పల లక్ష్మణరావు, రాచమల్లు రామచంద్రారెడ్డి వంటి పెద్దలు అక్కడ ఉండి అనువాదాలు చేశారు. విశాలాంధ్ర వాళ్ళ పుస్తకాల వ్యాను వచ్చిందంటే చేతిలో ఉన్న చిల్లరకే మంచు అడవులు, ఎలుగుబంట్లు, టోపీలు పెట్టుకున్న పిల్లలు దొరికేవారు. మంచు అనేది ఎన్నడూ చూడని లంకల పిల్లలు ఆ తెల్లటి పేజీలను చేత్తో తడిమి చూడడం నేను ఉపాధ్యాయుడిగా స్వయంగా చూశాను. 1991లో సోవియట్ యూనియన్‌తో పాటే ఆ పుస్తకాల రాకా ఆగిపోయింది. విజ్ఞానం సంగతికి వస్తే, మన ముంగండ మహీధర వారి కుటుంబానికి చెందిన నళినీమోహన్ గారు ‘క్యాలెండర్ కథ’ వంటి పుస్తకాలతో పిల్లలకు సైన్సును కథగా చెప్పారు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. చెప్పకపోతే ఈ వ్యాసం సగమే అవుతుంది.

1996 నవంబరు 6 రాత్రి తుపాను మనలో ఎవరూ మరిచిపోలేరు. అప్పటికి నేను అమలాపురం దగ్గర ఒక పల్లెటూరి బడికి ప్రధానోపాధ్యాయుణ్ణి. మర్నాడు పడిపోయిన కొబ్బరిచెట్ల మీంచి దాటుకుంటూ బడికి వెళ్ళేసరికి ఆఫీసు గది పెంకులు ఎగిరిపోయి ఉన్నాయి. పుస్తకాల బీరువా బోర్లా పడి ఉంది. తాళం మాత్రం చెక్కుచెదరలేదు. ఆ తాళం వేసింది నేనే. పుస్తకాలు చిరిగితే, పోతే, ఇన్‌స్పెక్షన్లో జవాబు చెప్పుకోవాలని భయం. మా మాస్టారు వారానికి ఒక్కసారైనా తెరిచేవారు. నేను అదీ చెయ్యలేదు.

ఊరు కొంచెం తేరుకున్నాక నలుగురు పిల్లలు వచ్చి సాయం చేశారు. కొబ్బరిమట్టల మీద పుస్తకాలు పరిచి ఎండబెట్టాం. నున్నటి కాగితం మీద అచ్చయిన రంగుల పుస్తకాలు అట్టల్లా అతుక్కుపోయాయి. విడదీయబోతే బొమ్మలే ఊడి వచ్చాయి. ముతక కాగితం చందమామలు మాత్రం పేజీకి పేజీ విడివడ్డాయి. తరవాత ఇష్యూ రిజిస్టరు తీసి చూశాను. ఆ ఏడాది మొత్తం మీద పిల్లలకు ఇచ్చిన పుస్తకాలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. పిల్లలు తిరగేసి తిరగేసి చింపాల్సిన పుస్తకాలు ఎవరూ చదవకుండానే తడిసి చచ్చిపోయాయి.

మిగిలిన చందమామలను ఆ తరవాత బీరువాలో పెట్టలేదు. గది కప్పు వేసేదాకా చెట్టు కింద పాఠాలు, అక్కడే గోనెసంచి మీద పుస్తకాలు. నాలుగో తరగతిలో ఒక కుర్రవాడు ఉండేవాడు. చదవడం రాదని అందరూ వదిలేసినవాడు. వాడు ఒక సంచిక తీసుకుని, బొమ్మల్ని బట్టి కథ మొత్తం రెండో తరగతి పిల్లలకు చెబుతున్నాడు. దగ్గరికి వెళ్ళి విన్నాను. సగం కథ వాడి సొంతం, కానీ వరస ఎక్కడా తప్పలేదు. రాజు ఎందుకు కోపంగా ఉన్నాడో, ముసలమ్మ ఏం దాస్తోందో అన్నీ బొమ్మలోంచే తీశాడు. “ఇక్కడ ఏం రాసి ఉందో చదువుదామా?” అంటే మొదటిసారి తల ఊపాడు. వేసవి సెలవులు వచ్చేనాటికి కూడబలుక్కుని చదవడం మొదలుపెట్టాడు. ఇరవై ఏళ్ళ సర్వీసులో నాకు ఎవరూ నేర్పని పాఠం అది. పిల్లవాడు ముందు బొమ్మను చదువుతాడు. అక్షరం ఆ తరవాత వస్తుంది.

అంత పని చేసే బొమ్మకు ప్రపంచం కూడా ఆలస్యంగానే విలువ ఇచ్చింది. పిల్లల సాహిత్యానికి పెద్ద గౌరవంగా భావించే హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ అవార్డు రచయితలకు 1956 నుంచి ఇస్తున్నారు. చిత్రకారులకు ఇవ్వడం 1966లో గాని మొదలుకాలేదు. మన కేంద్ర సాహిత్య అకాడెమీ 2010లో బాలసాహిత్య పురస్కారం మొదలుపెట్టింది. తెలుగులో తొలిసారి కలువకొలను సదానంద గారి ‘అడవితల్లి’కి వచ్చింది. అది రచయితలకు ఇచ్చేది. బాపు గారికి పద్మశ్రీ 2013లో వచ్చింది, మరుసటి ఏడాదే వెళ్ళిపోయారు. చందమామ శంకర్ గారు 2020లో, తొంభై ఆరో ఏట పోయారు. ఆయన పద్మశ్రీ 2021లో, పోయిన తరవాత ప్రకటించారు.

కాలం ఏమీ చెడిపోలేదు. మంచి పుస్తకం వాళ్ళు ఆనాటి సోవియట్ పిల్లల పుస్తకాలు ఎన్నిటినో మళ్ళీ తెలుగులో తెచ్చారు. ప్రథమ్ బుక్స్ వాళ్ళు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా చదువుకోవచ్చు, అచ్చు తీసుకోవచ్చు. ఆ పుస్తకాల్లో రచయిత పేరు పక్కనే చిత్రకారుడి పేరూ ఉంటుంది. మా మాస్టారు చూస్తే సంతోషించేవారు. ఫోనులో బొమ్మ కదులుతుంది, నిజమే. కాని అది పిల్లవాడి కోసం ఆగదు. పుస్తకంలో బొమ్మ వాడు చూసినంతసేపూ వాడి కోసం కూర్చుని ఉంటుంది.

స్వర్ణోత్సవం సందర్భంగా బడికి ఏం ఇవ్వాలా అని సంఘంలో చర్చ నడుస్తోంది. ఆర్చి కడదామని కొందరు, సౌండు సిస్టమ్ అని కొందరు అంటున్నారు. నా విన్నపం చిన్నది. ఆరో తరగతి పిల్లవాడి చెయ్యి అందే ఎత్తులో, తలుపు లేని, తాళం లేని ఒక చెక్క అర చేయిద్దాం. దాని నిండా తెలుగు బొమ్మల పుస్తకాలు పెడదాం. ఏటా చిరిగినవాటి లెక్క తీద్దాం. చిరిగినవి ఎక్కువుంటే ఆ ఏడు బాగా గడిచినట్టు. ఎవరింట్లోనైనా అటక మీద పాత చందమామలు, మాస్కో పుస్తకాలు ఉంటే వాటికీ అక్కడ చోటు ఉంటుంది.

ఇంకొక్కటి. ప్రార్థన చేసే హాల్లో గోడ మీద ఉన్న సరస్వతి బొమ్మ మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. రంగు వెలిసినా వీణ పట్టుకున్న ఆ వేళ్ళు ఇప్పటికీ బాగున్నాయి. అది మన డ్రాయింగు మాస్టారు వేసింది. మొన్న బడికి వెళ్ళినప్పుడు దగ్గరికి వెళ్ళి నాలుగు మూలలూ వెతికాను. మా అందరినీ సంతకం చూడమన్న మనిషి తన సంతకం పెట్టలేదు. ఉత్సవం రోజుకు ముందు ఎవరైనా ఒక మంచి చేతివాటం ఉన్న పూర్వవిద్యార్థి, ఆ బొమ్మ కింద కుడిమూలన ఆయన పేరు రాయాలని నా కోరిక.